కామెర్లు, కార్జం, కాగితం మీది అంకెలు

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మటన్ కొట్టు దగ్గర నిలబడి "కొంచెం కార్జం కూడా వెయ్యి" అని అడుగుతాం చూడండి, అలాంటిదే మనందరికీ కుడివైపు పక్కటెముకల చాటున ఒకటుంది. పుస్తకాల్లో దాన్ని కాలేయం అంటారు, ఆస్పత్రిలో లివర్ అంటారు. పెద్దవాళ్లలో సుమారు కిలోన్నర తూగుతుంది. ఇంత పెద్దదానికీ నోరు లేదు. నొప్పి తెలిసే నరాలు దాని పైపొరకే గాని లోపలి కండకు లేవు. పన్ను పుచ్చితే రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. లివర్ సగం చెడినా మనిషి మాత్రం లేచి, వండి, వడ్డించి, తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. అందుచేత దాని క్షేమసమాచారం తెలియాలంటే రక్తపరీక్ష కాగితం చూడవలసిందే. ఆ కాగితాన్ని గురించే ఈవేళ నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరులో జిల్లాలయ్యాయి. అంతకుముందు అన్నీ ఉమ్మడి వరంగల్ జిల్లాలోవే. ఏ కాస్త పెద్ద జబ్బన్నా వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రికి బస్సెక్కడమే అలవాటు. ఇప్పుడు మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2018లో హైదరాబాద్‌లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు 2021లో జనగామ, మహబూబాబాద్ లాంటి జిల్లా పట్టణాలకూ వచ్చాయి. ప్రభుత్వ ఆస్పత్రిలో రక్తం ఇస్తే పైసా ఖర్చు లేకుండా పరీక్ష జరిగి, ఫలితం ఫోన్లోకి వస్తోంది. మంచిదే. కాని ఫోన్లోకి వచ్చిన ఫలితాన్ని డాక్టరుకంటే ముందు మనమే చదువుతాం, పక్కింటి వదినకూ చదివి వినిపిస్తాం. చిక్కంతా అక్కడే ఉంది.

దాని పేరు లివర్ ఫంక్షన్ టెస్టు, అంటే లివర్ పనితీరు పరీక్ష. పది పన్నెండు పేర్లు, వాటికెదురుగా అంకెలు. ఎక్కువైనచోట లావు అక్షరం. మన చూపు తిన్నగా ఎస్.జి.పి.టి. మీదికి పోతుంది. "మా ఆయనకు ఎనభై ఉందట" అని ఒకరు బెంగపడతారు. "మా అమ్మాయికి వెయ్యి నుంచి రెండు వందలకు దిగింది, ఇక భయం లేదు" అని ఇంకొకరు ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఎస్.జి.పి.టి. లివర్ పనితీరును చెప్పే అంకే కాదు. పేరు పెట్టినవాళ్లు అన్నిటినీ ఒక మూట కట్టి పనితీరు పరీక్ష అనేశారు, అంతే.

ఇంతకీ లివర్ పనులేమిటో చూద్దాం. మనం తిన్నది పేగుల్లో అరిగాక ఆ రక్తమంతా ముందు లివర్ గుమ్మం తొక్కి ఆ తరువాతే గుండెకు పోతుంది. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం దానిగుండా పారుతుంది. అన్నంలోని చక్కెరలో కొంత దాచిపెట్టి, రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కొంచెం కొంచెంగా విడుదల చేస్తుంది. కొవ్వు అరగడానికి పైత్యరసం తయారుచేస్తుంది. మాంసకృత్తులు విరిగినప్పుడు పుట్టే అమ్మోనియా అనే విషాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. వేసుకున్న మాత్రను విరగ్గొడుతుంది. తాగిన సారానూ అంతే. ఇవిగాక రెండు సరుకులు అది తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. ఒకటి ఆల్బుమిన్ అనే మాంసకృత్తి. నీటిని రక్తనాళాల్లోనే పట్టి ఉంచేది అదే. అది తగ్గితే కాళ్లు వాస్తాయి, పొట్టలో నీరు చేరడానికీ దారి దొరుకుతుంది. రెండోది, దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు.

ఇప్పుడు మళ్లీ కాగితం దగ్గరికి వద్దాం. ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనేవి లివర్ కణాల లోపల ఉండవలసిన ఎంజైములు. కణం దెబ్బతిని గోడ చిట్లితే అవి రక్తంలోకి కారతాయి. ఇంట్లో నూనెడబ్బా కారుతోందనుకోండి. నేలమీద ఎంత నూనె ఉందో చూస్తే ఎంత కారిందో తెలుస్తుంది. డబ్బాలో ఎంత మిగిలిందో, ఈ పూట కూరకు సరిపోతుందో లేదో నేలను చూస్తే తెలియదు కదా! ఈ ఎంజైముల సంగతీ అంతే. ఎంత నష్టం జరుగుతోందో చెబుతాయి గాని ఎంత పని మిగిలిందో చెప్పవు. పైగా ఎస్.జి.ఓ.టి. లివర్లోనే కాదు, కండరాల్లోనూ ఉంటుంది. ఒళ్లు హూనమయ్యేలా బరువులెత్తిన కుర్రవాడికీ పెరగవచ్చు.

పని చెప్పే అంకెలు మూడు: బిలిరుబిన్, ఆల్బుమిన్, ప్రోత్రాంబిన్ టైము. ఈ మూడోదాన్నే ఐ.ఎన్.ఆర్. అనే లెక్కలో రాస్తారు. ఆల్బుమిన్ సాధారణంగా మూడున్నర నుంచి అయిదు గ్రాముల మధ్య ఉంటుంది. ఒకసారి తయారైన ఆల్బుమిన్‌లో సగం తరగడానికి సుమారు ఇరవై రోజులు పడుతుంది. అందుకని లివర్ నిన్న చెడితే ఇవాళ ఆల్బుమిన్ తగ్గదు. అది తక్కువగా ఉన్నదంటే వ్యవహారం కొన్ని వారాలుగానో నెలలుగానో నడుస్తున్నదని అర్థం. ఐ.ఎన్.ఆర్. అలా కాదు. గడ్డకట్టే పదార్థాల్లో ఒకదాని ఆయుష్షు కొద్ది గంటలే. కనుక లివర్ ఇవాళ చేతులెత్తేస్తే రేపటికల్లా ఐ.ఎన్.ఆర్. పెరుగుతుంది. మామూలుగా అది 1 దరిదాపుల్లో ఉండాలి. కామెర్లు వచ్చిన మనిషికి 1.5 దాటిందంటే ఇంట్లో ఉంచే కేసు కాదు. గుండెజబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు మాత్ర వల్లనే పెరుగుతుంది.

ఇందాక వెయ్యి నుంచి రెండు వందలకు దిగిందన్న అమ్మాయి విషయం చూడండి. ఎస్.జి.పి.టి. దిగుతూ, బిలిరుబిన్, ఐ.ఎన్.ఆర్. కూడా దిగుతుంటే నిజంగానే కోలుకుంటున్నట్టు. ఎస్.జి.పి.టి. దిగుతున్నది, ఐ.ఎన్.ఆర్. మాత్రం ఎక్కుతున్నది అంటే, కారడానికి డబ్బాలో నూనే అయిపోతున్నదన్నమాట! అంతకంటే ప్రమాదకరమైన రిపోర్టు లేదు. అదే కాగితాన్ని చూసి ఇంట్లోవాళ్లు దేవుడికి కొబ్బరికాయ కొట్టే అవకాశమూ ఉంది.

ఇది నా సొంత కవిత్వం కాదు. లివర్ గట్టిపడి ముడుచుకుపోయే సిరోసిస్ జబ్బు ఎంత ముదిరిందో కొలవడానికి 1964లో చైల్డ్, టర్కాట్ అనే వైద్యులు ఒక పద్ధతి పెట్టారు, 1973లో పగ్ అనే ఆయన బృందం దాన్ని సవరించింది. ఇప్పటికీ వాడుతున్నారు. అందులో చూసేవి అయిదు: బిలిరుబిన్, ఆల్బుమిన్, ప్రోత్రాంబిన్ టైము, పొట్టలో నీరు, మతి స్థిమితం. ఎస్.జి.పి.టి. ఊసే లేదు. లివర్ మార్పిడికి రోగి ఎంత తొందరలో ఉన్నాడో తేల్చే మెల్డ్ అనే లెక్కలోనూ అది లేదు. సిరోసిస్ బాగా ముదిరినవాళ్లకు ఎస్.జి.పి.టి. నలభై లోపే, అచ్చం ఆరోగ్యవంతులకున్నట్టే ఉండవచ్చు.

ఇక కామెర్లు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది" అంటారు గాని, పాపం, అతనికి లోకం మామూలుగానే కనిపిస్తుంది. అతని కళ్లే లోకానికి పచ్చగా కనిపిస్తాయి. ఎర్ర రక్తకణాలు నూట ఇరవై రోజులు బతికి విరిగిపోయినప్పుడు వచ్చే పసుపురంగు చెత్త బిలిరుబిన్. లివర్ దాన్ని శుద్ధిచేసి పైత్యరసంతో పేగుల్లోకి తోసేస్తుంది. మలానికి ఆ రంగు దానివల్లే. రక్తంలో అది 1.2 లోపు ఉండాలి, రెండున్నర మూడు దాటితే కళ్లు పసుపెక్కుతాయి. కాబట్టి కామెర్లు అనేది జబ్బు పేరు కాదు, చెత్త పేరుకున్నదని చెప్పే గుర్తు. చెత్త పేరుకోవడానికి మూడు కారణాలుంటాయి. రక్తకణాలు మరీ ఎక్కువగా విరగవచ్చు, లివరే జబ్బుపడవచ్చు, లేదా లివర్ నుంచి బయటికి పోయే గొట్టంలో రాయో గడ్డో అడ్డుపడవచ్చు. మూడింటికీ పసుపురంగు ఒకటే, వైద్యం మాత్రం మూడు తీర్లు. అడ్డు పడినప్పుడు మలం సున్నంలా తెల్లబడుతుంది, మూత్రం చిక్కటి టీ డికాక్షన్‌లా వస్తుంది, ఒళ్లంతా దురద. కాగితం మీద ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే అంకె బాగా పెరుగుతుంది. ఎదిగే పిల్లలకూ, నెలలు నిండుతున్న గర్భిణులకూ ఈ అంకె సహజంగానే ఎక్కువ ఉంటుంది, హడలిపోకండి. అలాగే కొందరికి పుట్టుకతోనే బిలిరుబిన్ ఒకటిన్నర, రెండు ఉంటుంది. శనివారం ఉపవాసమో, శివరాత్రి జాగారమో చేస్తే ఇంకాస్త పెరిగి కళ్లు లేత పసుపుగా కనిపిస్తాయి. గిల్బర్ట్ అనే ఆయన పేరున్న ఈ స్థితికి మందు అక్కర్లేదు, భోంచేస్తే చాలు.

మన వైపు కామెర్లనగానే పసరు మందు. పరగడుపున తాగించేవాళ్లున్నారు, ముక్కులో, కంట్లో పోసేవాళ్లున్నారు, చేతిమీద వాత పెట్టేవాళ్లూ ఉన్నారు. చదువుకున్న ఇళ్లల్లోనూ ఒక పక్క ఆస్పత్రి, ఒక పక్క పసరు నడుస్తాయి. "మా ఇంట్లో ముగ్గురికి తగ్గింది" అంటే అది అబద్ధమని నేననను. తగ్గే ఉంటుంది. ఎందుకంటే కలుషితమైన నీటివల్ల, తిండివల్ల వచ్చే హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఇ అనేవి నూటికి తొంభైకి పైగా కేసుల్లో కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది.

పసరును శాస్త్రజ్ఞులు చిన్నచూపు చూసి వదిలేశారని మాత్రం అనుకోవద్దు. 1988లో మద్రాసులో డాక్టర్ త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు నేల ఉసిరి ఇచ్చి చూసి, చాలామందిలో వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్ పత్రికలో రాసింది. ఆ వ్యాసం రాసినవాళ్లలో, హెపటైటిస్ బి వైరస్ జాడ కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బ్లంబర్గ్ కూడా ఒకరు. ప్రపంచమంతా ఆశపడింది. తరువాత ఇతర దేశాల్లో జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఆకును నిజాయితీగానే పరీక్షించారు, అది నెగ్గలేదు.

పసరు తాగితే పోయేది డబ్బు ఒక్కటే అయితే నేనింత చెప్పను. పోయేది సమయం. గొట్టంలో రాయి అడ్డుపడి కామెర్లతోపాటు చలిజ్వరం, కుడివైపు నొప్పి వచ్చాయంటే అది గంటల్లో చూడవలసిన వ్యవహారం. ఎండోస్కోపీతో రాయి తీసేస్తారు. క్షయకు మందులు వాడుతున్న మనిషికి కామెర్లొస్తే ఆ మందువల్లే కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపాలి. అందులో రిఫాంపిసిన్ అనే మాత్ర మూత్రాన్ని ఎర్రగా చేస్తుంది, అది మామూలే. కళ్లు పచ్చబడ్డాయా అని చూడండి. ఏ రకం కామెర్లలోనైనా మనిషి పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా, పొంతనలేని మాటలు మాట్లాడుతున్నా, చిగుళ్లనుంచి రక్తం వస్తున్నా, వాంతులు ఆగకపోయినా ఆ క్షణమే పెద్దాస్పత్రికి బయలుదేరాలి. లివర్ విడగొట్టవలసిన విషం మెదడుకెక్కుతున్నదని దాని అర్థం.

పత్యం సంగతీ చెప్పాలి. పసుపు, నూనె, ఉప్పు, పప్పు అన్నీ మాన్పించి రోగికి మజ్జిగన్నం మాత్రం పెడతారు. పసుపు తింటే కళ్లు పసుపవుతాయనేది రంగును చూసి పుట్టిన నమ్మకం. వాంతి లేకపోతే ఇంట్లో అందరూ తినే తేలికైన భోజనమే పెట్టండి. పప్పు, గుడ్డు మానక్కర్లేదు. చెరుకురసం మంచిదని బజారు బండి దగ్గర తాగిస్తారు. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో! అసలు జబ్బు వచ్చిందే అలాంటి నీళ్లవల్ల కావచ్చు.

నీళ్లంటే గుర్తొచ్చింది. 2005లో హైదరాబాద్‌లో హెపటైటిస్ ఇ పెద్ద ఎత్తున వ్యాపించింది. తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరడమే కారణం. మన పట్టణాల్లోనూ వీధుల్లో నల్లా గొట్టం, మురిక్కాలువ పక్కపక్కనే పోతుంటాయి. నల్లా రానప్పుడు గొట్టంలో ఒత్తిడి పోయి చిల్లుల్లోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మొదట వచ్చే నీళ్లు పారబోసి పట్టుకోండి, వానాకాలంలో తాగేవి మరగకాచండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ మాట మరీ ముఖ్యం. మామూలువాళ్లలో నూటికి ఒకరిద్దరి ప్రాణం తీసే హెపటైటిస్ ఇ, ఏడో నెల దాటిన గర్భిణుల్లో నూటికి ఇరవై మంది దాకా తీసుకుపోగలదు. గర్భిణికి కామెర్లంటే "ఈ నెలల్లో మామూలే" అనేవాళ్ల మాట చెవిని పెట్టకండి.

హెపటైటిస్ బి, సి దారి వేరు. రక్తం ద్వారా, సూదుల ద్వారా, బి అయితే తల్లినుంచి బిడ్డకూ, భార్యాభర్తల మధ్యా వస్తాయి. జాతరల్లో ఒకే సూదితో వరసగా పచ్చబొట్లు పొడిచేచోట చెయ్యి చాపకండి. ఇవి ఇరవై, ముప్ఫై ఏళ్లు కిమ్మనకుండా ఉండి సిరోసిస్‌లో, కేన్సర్‌లో బయటపడతాయి. బి వైరస్‌కు టీకా ఉంది. విదేశాలనుంచి వచ్చే ఆ టీకా సామాన్యుడికి అందని రోజుల్లో, హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారు తన తల్లి పేరున పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దాన్ని ఇక్కడే తయారుచేసి చౌకగా విడుదల చేసింది. మనవాళ్ల పనుల్లో మనం గట్టిగా చెప్పుకోని పని అది. దేశమంతటా పిల్లల టీకాల్లో అది చేరింది 2011లో. పుట్టిన ఇరవైనాలుగు గంటల్లోపు మొదటి మోతాదు పడాలి. కాన్పు గదిలోనే అడగండి. అంతకుముందు పుట్టిన పెద్దవాళ్లలో చాలామందికి అది పడలేదు. హెచ్.బి.ఎస్.ఏ.జి. అనే పరీక్ష ఒక్కసారి చేయించుకుంటే సంగతి తేలిపోతుంది. సి వైరస్‌కు టీకా లేదు గాని, చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో నయమవుతుంది. ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఈ మందులు ఉచితం.

మగవాళ్ల తాగుడు గురించి మీకు నేను చెప్పేదేముంది. గుడుంబా అయినా, సీసాలో వచ్చేదైనా లివర్‌కు తేడా లేదు. కాగితం మీద ఎస్.జి.ఓ.టి. అంకె ఎస్.జి.పి.టి.కి రెండింతలుంటే డాక్టరుకు మొదట తాగుడే అనుమానం వస్తుంది. కాని చుక్క ముట్టని ఆడవాళ్లకూ ఇప్పుడు లివర్లో కొవ్వు పేరుకుంటోంది. నడుము చుట్టుకొలత, షుగరు, మూడుపూటలా అన్నం, తక్కువ నడక, ఇవీ కారణాలు. స్కానింగులో "ఫ్యాటీ లివర్" అని రాసినంతమాత్రాన గాభరా వద్దు. కొవ్వు ఉండటం వేరు, లోపల మచ్చ కట్టడం వేరు. మచ్చ అంచనాకు ఫిబ్-4 అనే చిన్న లెక్క ఉంది. వయసు, ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి., ప్లేట్‌లెట్లు, ఈ నాలుగుంటే డాక్టరు ఫోన్లోనే వేస్తారు. 1.3 లోపు వస్తే గట్టి మచ్చ ఉండే అవకాశం తక్కువ. బరువులో నూటికి ఏడు, పది వంతులు తగ్గితే కొవ్వు చాలావరకు కరుగుతుంది. లివర్ మంచి గుణం అది, అవకాశమిస్తే బాగుపడుతుంది. అది శుభ్రపడాలని తిప్పతీగ కషాయాలు, పసుపు గుళికలు కొని మింగకండి. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబయి డాక్టర్లు 2021లో రాశారు. కూరలో పసుపు వేరు, గుళికలో దట్టించిన పసుపు సారం వేరు.

పసిపిల్లల మాట ఒకటి. పుట్టిన వారంలో పచ్చబడటం చాలామంది బిడ్డలకు సహజం; డాక్టరు చూసి అవసరమైతే నీలి వెలుతురు కింద పెడతారు. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే బిడ్డ మలం రంగు చూడండి. ఆవపిండిలా పచ్చగా ఉంటే సరే. తెల్లగా, సున్నంలా ఉంటే పైత్యనాళం మూసుకుపోయి ఉండవచ్చు. దానికి ఆపరేషన్ ఉంది, అయితే రెండు నెలలు నిండకముందు చేస్తేనే బాగా పనిచేస్తుంది. ఎండలో పడుకోబెడితే తగ్గుతుందని మూడో నెలదాకా చూస్తూ కూర్చునే ఇళ్లున్నాయి. ఉయ్యాల గుడ్డలు ఉతికేది మనమే గనుక ఈ రంగు ముందు పడేది మన కంటికే.

లివర్ పరీక్షకు పరగడుపునే పోవాలని లేదు; దానితోపాటు షుగరు, కొవ్వు పరీక్షలు రాస్తే మాత్రం డాక్టరు చెప్పినట్టు పోవాలి. ఇంట్లో వాడుతున్న మాత్రలు, కషాయాలు, పసర్లు అన్నీ దాచకుండా చెప్పండి. జ్వరం మాత్ర పారాసిటమాల్ రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, రెండూ కలిపి లెక్కపెట్టండి. పాత రిపోర్టులు పారెయ్యకుండా ఒక సంచిలో పెట్టుకుంటే డాక్టరు పక్కపక్కన పెట్టి చూడగలుగుతారు. ఇంకొకటి, నేనిందాక అంతగా చెప్పిన ఐ.ఎన్.ఆర్. మామూలు లివర్ పరీక్షల మూటలో ఉండదు. దానికి నీలం మూత ఉన్న గొట్టంలో విడిగా రక్తం తీస్తారు. కామెర్లు వచ్చిన మనిషిని తీసుకుపోయినప్పుడు, "ఐ.ఎన్.ఆర్. కూడా చూస్తారా, డాక్టరుగారూ?" అని అడగండి.